నెలలో శనివారాలన్నీ ఇతర పనులకే పోతుంటే, వారాంతపు పరిశీలన ఎప్పుడు చేయాలి?

తండాబడి_టీచర్

దేవరకొండ వైపు ఒక తండా ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి ఐదు తరగతులకు మేమిద్దరమే ఉపాధ్యాయులం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, గణితం. మూడు, నాలుగు, ఐదు తరగతులకు వాటితోపాటు పరిసరాల విజ్ఞానం. అన్నీ కలిపి చూస్తే 18 సబ్జెక్టులు మా ఇద్దరి మీద ఉన్నాయి. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా వచ్చేలా చేసే తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం తొలిమెట్టు 2022 ఆగస్టులో మొదలైనప్పటి నుంచి ఐదు రోజులు బోధన, ఆరో రోజు పిల్లలు ఏమి నేర్చుకున్నారో పరిశీలించి రానివారికి మళ్లీ చెప్పడం అనే క్రమంలో వార ప్రణాళిక రాసుకుంటున్నాం. ధారాళంగా చదవడం, సొంతంగా రాయడం, చతుర్విధ ప్రక్రియలు (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) చేయడం ప్రతి బిడ్డకూ రావాలన్న ఆ లక్ష్యం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

నా ఇబ్బంది ఆరో రోజుతోనే వస్తున్నది. రెండో శనివారం సెలవు. మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం. నాలుగో శనివారం బ్యాగు లేని రోజు. ఇక నెలకు నికరంగా మిగిలేది మొదటి శనివారం ఒక్కటే. బాలసభ, కథల పుస్తకాల మార్పిడి, బొమ్మలు వేయించడం, పాటలు, ఆటలు కూడా ఆ రోజు కోసమే ఎదురుచూస్తుంటాయి. వారమంతా పాఠ్యపుస్తకం, శనివారం నాడు కృత్యాలు అన్న విభజన చాలా బడుల్లో స్థిరపడిపోతున్నది. ఇటువంటి స్థితిలో వారాంతపు పరిశీలనను మీరు ఏ రోజున, ఎలా చేస్తున్నారో వివరంగా చెప్పండి. ముఖ్యంగా ఇద్దరే ఉపాధ్యాయులున్న బడుల వారు రాస్తే నాకు ఎక్కువ ఉపయోగం.

మిర్యాలగూడ_సారు

మా బడిలోనూ సరిగ్గా ఇదే లెక్క. దీనికి తోడు చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం ఉన్న రోజు ఒక ఉపాధ్యాయుడే ఐదు తరగతులనూ చూసుకోవలసి వస్తుంది. సమాధానం కోసం నేను కూడా ఎదురుచూస్తున్నాను.

పాలమూరు_లెక్కలు

టీచర్ గారు చెప్పిన చివరి మాట దగ్గరే అసలు సమస్య ఉందని నేను అనుకుంటున్నాను. కృత్యాలను శనివారానికి నెట్టినంత కాలం ఎన్ని శనివారాలు ఇచ్చినా చాలవు. కృత్యం పాఠంలోనే ఉంటే పరిశీలన కూడా అందులోనే జరిగిపోతుంది.

మూడో తరగతి తీసివేతలు చూడండి. 52లో నుంచి 27 తీసివేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. రెండులో నుంచి ఏడు పోదు కాబట్టి, ఏడులో నుంచి రెండు తీసేసి ఐదు వేస్తారు. ‘పక్క నుంచి అప్పు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ అప్పు ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత వస్తుందో వారికి తెలియదు. అందుకని మేము ఖాళీ అగ్గిపెట్టెలు పోగుచేసి, ఒక్కొక్క దానిలో పదేసి చింతగింజలు పెట్టించాం. 52 అంటే ఐదు పెట్టెలు, రెండు విడి గింజలు. ఏడు గింజలు ఇవ్వాలంటే బిడ్డ తప్పనిసరిగా ఒక పెట్టె తెరవాలి. అప్పుడు నాలుగు పెట్టెలు, 12 విడి గింజలు అవుతాయి. ఏడు గింజలూ రెండు పెట్టెలూ ఇచ్చేస్తే రెండు పెట్టెలూ ఐదు గింజలూ మిగులుతాయి.

సోమవారం గింజలతో చేయిస్తాను. మంగళవారం పెట్టెల బొమ్మలు పలకల మీద గీయిస్తాను. బుధవారం బొమ్మ పక్కన అంకెలు, గురువారం అంకెలు మాత్రమే. శుక్రవారం పిల్లలే అంగడి లెక్కలు తయారుచేసి ఒకరినొకరు అడుగుతారు. శుక్రవారం నాటికి ఎవరు ఇంకా పెట్టె తెరవవలసి వస్తున్నదో, ఎవరు మనసులోనే తెరుస్తున్నారో కళ్లెదుటే కనబడుతుంది. దానికోసం శనివారం ప్రత్యేకంగా కాగితం ఇచ్చి పరీక్ష పెట్టవలసిన అవసరం నాకు కనిపించదు.

విశ్రాంత_హెచ్చెం

పాలమూరు_లెక్కలు గారి పద్ధతిని మెచ్చుకుంటూనే ఆయన ముగింపుతో విభేదిస్తున్నాను. ‘కళ్లెదుటే కనబడుతుంది’ అన్న మాట ప్రమాదకరమైనది. ఉపాధ్యాయుడి కంటికి ముందుగా కనిపించేది చేయి ఎత్తే బిడ్డ, అల్లరి చేసే బిడ్డ. నోరు తెరవకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, పక్కవాడి పలక చూసి రాసుకుని నెలలు గడిపేసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. నల్లగొండ జిల్లాలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో అటువంటి పిల్లలు ఐదో తరగతి దాటి, ఒత్తులు చదవలేని స్థితిలో ఉన్నత పాఠశాలకు వెళ్లడం నేను చూశాను. వారు ఎవరి కంటా పడకపోవడమే దానికి కారణం.

అందుకే ఒక నియమిత దినం ఉండాలి. ఆ రోజు ప్రతి బిడ్డ పేరు పిలవాలి, ప్రతి బిడ్డ గొంతు వినాలి. శనివారం కుదరకపోతే శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకోండి, అదీ కుదరకపోతే సోమవారం మొదటి గంట. రోజు మారవచ్చు గానీ రోజంటూ ఒకటి ఉండాలి.

మూడోతరగతి_అమ్మ

నేను ఉపాధ్యాయురాలిని కాను, నల్లగొండలో ఉంటాను. మా అమ్మాయి ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతోంది. అక్కడ ప్రతి శనివారం క్రమం తప్పకుండా పరీక్ష జరుగుతుంది, సోమవారానికి మార్కులు ఇంటికి వస్తాయి. పదికి ఆరు వచ్చాయని తెలుస్తుంది గానీ, ఆ పోయిన నాలుగు ఏమిటో, వాటిని వచ్చే వారం ఎవరు నేర్పుతారో ఆ కాగితంలో ఉండదు. ఆదివారం మేము కూర్చోబెట్టి చదివిస్తాము, సోమవారం బడిలో కొత్త పాఠం మొదలవుతుంది. 2020 నాటి జాతీయ పాఠశాల బ్యాగు విధానంలో రెండో తరగతి వరకు ఇంటిపని ఉండకూడదనీ, మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు మించకూడదనీ చెప్పారు. మా ఇంట్లో ఆ రెండు గంటలు ఒక్క సాయంత్రానికే అయిపోతాయి. కాబట్టి నియమిత దినం ఉన్నంత మాత్రాన బిడ్డకు మేలు జరుగుతుందని నేను అనుకోలేకపోతున్నాను, సార్.

విశ్రాంత_హెచ్చెం

అమ్మా, మీరు చెప్పింది మార్కుల పరీక్ష. నేను అడిగేది పరిశీలన. మార్కు వేసి వదిలేసేది నా దృష్టిలో పరిశీలన కాదు. ఆ విషయంలో మీ బాధ పూర్తిగా న్యాయమైనది.

బడిబాట_నారాయణపేట

ఈ చర్చ అంతా పిల్లలు ఆరు రోజులూ బడిలో ఉంటారన్న ఊహ మీద నడుస్తున్నది. మా వైపు దసరా దాటిన తర్వాత బొంబాయి, పుణె వైపు వలసలు మొదలవుతాయి. తల్లిదండ్రులు కొందరు పిల్లలను నాయనమ్మ దగ్గర వదిలిపెడతారు, కొందరు వెంట తీసుకుపోతారు. వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడిపిన మండలాలూ ఉన్నాయి. ఊళ్లోనే ఉన్న పిల్లలు కూడా పత్తి ఏరే రోజుల్లో వారానికి మూడు రోజులు వస్తే గొప్ప. సోమ, మంగళవారాల్లో రాని బిడ్డ బుధవారం వస్తే, గింజలూ పెట్టెలూ దాటిపోయి ఆ రోజు బొమ్మ పక్కన అంకెలు నడుస్తుంటాయి. ఆ బిడ్డకు వార ప్రణాళికలో ఎక్కడ చోటు దొరుకుతుందో పాలమూరు_లెక్కలు గారు చెప్పాలి.

పాలమూరు_లెక్కలు

చాలా సరైన ప్రశ్న. మా బడిలో చింతగింజల డబ్బా వారమంతా కిటికీ పక్కనే ఉంటుంది, సోమవారం దాటగానే బీరువాలోకి పోదు. బుధవారం వచ్చిన బిడ్డ ముందుగా ఆ డబ్బా దగ్గర కూర్చుంటుంది, సోమవారం చేసిన బిడ్డ ఒకరు పక్కన కూర్చుని చేసి చూపిస్తారు. పెద్దలు చెప్పేటప్పుడు తలూపి ఊరుకునే పిల్లలు తోటివారి దగ్గర మాత్రం ‘పెట్టె ఎందుకు తెరిచావు’ అని అడుగుతారు. నెలల తరబడి వలస వెళ్లి వచ్చిన పిల్లలకు మాత్రం ఈ ఏర్పాటు సరిపోదు. వారికి తరగతితో సంబంధం లేకుండా స్థాయిని బట్టి మొదటి నుంచి చెప్పవలసిందే.

నల్లమల_అంచు

అమ్రాబాద్ వైపు చెంచు పెంటల (అడవిలోని చెంచుల ఆవాసాల) పిల్లలున్న బడిలో పనిచేస్తున్నాను. అడవిలో సేకరణ పనులున్న రోజుల్లో హాజరు తగ్గుతుంది. బడిబాట_నారాయణపేట గారికి జతగా ఒక మాట. మా పిల్లలు బడికి రాని రోజుల్లో కూడా చాలా నేర్చుకుని వస్తారు. కుంకుడుకాయలు తూచడం, తేనె కొలవడం, దుకాణంలో ఇచ్చిన డబ్బు సరిచూడటం వారికి తెలుసు. తిరిగి వచ్చిన రోజున ఆ పని గురించి నాలుగు వాక్యాలు చెప్పమని అడిగి, వాళ్లు చెప్పినది చెప్పినట్టు నల్లబల్ల మీద రాసి, దాన్నే ఆ రోజు తరగతికి చదివే పాఠం చేస్తాను. తన మాటను తనే చదివే బిడ్డకు అక్షరం మీద భయం పోతుంది. గైర్హాజరీని తప్పుగా ఎత్తి చూపితే మరుసటి రోజు కూడా రాకుండా పోతారు.

తండాబడి_టీచర్

నల్లమల_అంచు గారి పద్ధతి మా తండాకు చక్కగా సరిపోతుంది. మా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు వింటారు. 2022–23 నుంచి వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉంటాయి. ఒకటో తరగతి బిడ్డకు రెండూ కొత్తవే. ముందు వాళ్ల భాషలో చెప్పించి, ఆ తర్వాత తెలుగులో చెప్పిస్తే నోరు విప్పుతారని నా అనుభవం. అయితే విశ్రాంత_హెచ్చెం గారి మాట నన్ను వదలడం లేదు. కృత్యాల్లో ఎంత ఉత్సాహంగా కనిపించినా, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి వింటేనే తెలిసే విషయాలు కొన్ని ఉంటాయి. అది ఎప్పుడు అన్నదే ఇప్పటికీ నా ప్రశ్న.

కోయిల్‌సాగర్_పంతులు

రోజుకు ఐదుగురు చొప్పున, హాజరు పట్టీలో పేర్లున్న వరుసలోనే వినండి. తరగతిలో 25 మంది ఉంటే సోమవారం నుంచి శుక్రవారానికి అందరూ అయిపోతారు. వరుస తప్పకూడదు. అప్పుడు చేయి ఎత్తే బిడ్డ, ఎత్తని బిడ్డ అన్న తేడా ఉండదు కాబట్టి హెచ్చెం సార్ భయం తీరుతుంది. శనివారం ఏ సమావేశానికి పోయినా మన పని ఆగదు.

వినడానికి పాఠ్యపుస్తకం వాడకండి. మా పిల్లలు పాఠాన్ని బొమ్మ చూసి గడగడా అప్పజెప్పేస్తారు, మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే ఆగిపోతారు. అంతకుముందు చూడని నాలుగైదు చిన్న వాక్యాలు అట్టముక్క మీద రాసి చదివించండి. ఎక్కడ ఆగారో ఆ అక్షరాన్నే నోట్ చేసుకోండి. ‘చదవగలడు, చదవలేడు’ అని రాసుకుంటే మరుసటి వారం ఏమి చెప్పాలో మనకే తెలియదు. ‘ద్విత్వం (అదే అక్షరం ఒత్తు) వచ్చింది, సంయుక్తం (వేరే అక్షరం ఒత్తు) దగ్గర ఆగుతున్నాడు’ అని రాస్తే తెలుస్తుంది.

విశ్రాంత_హెచ్చెం

ఈ ఏర్పాటుకు నా అభ్యంతరం లేదు. వరుస ఉన్నది కదా, నాకు కావలసింది అదే. అయినా ఒక జాగ్రత్త చెబుతాను: ఆ రోజు రాని బిడ్డ పేరు ఎదుట చుక్క పెట్టి, వచ్చిన రోజున ముందుగా ఆ బిడ్డనే పిలవాలి. లేకపోతే బడిబాట_నారాయణపేట గారు చెప్పిన పిల్లలే మళ్లీ మళ్లీ జారిపోతారు.

కొత్త_ఎస్జీటీ

2024 డీఎస్సీ ద్వారా చేరాను. మొదటి, రెండో తరగతులు ఒకే గదిలో ఉన్నాయి. ఐదుగురిని విడిగా వినే సమయంలో మిగిలిన పిల్లలు ఏమి చేయాలో అర్థం కావడం లేదు. ‘చప్పుడు చేయకుండా కూర్చోండి’ అంటే ఎవరూ కూర్చోరు, కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు.

కోయిల్‌సాగర్_పంతులు

చప్పుడు వస్తే రానివ్వండి. గోడ అడుగు భాగంలో పిల్లల ఎత్తుకు నల్లరంగు వేసిన బల్ల ఉంటే ఒక్కొక్కరికి ఒక గడి గీసి ఇవ్వండి. రెండో తరగతి పిల్లలు ఒకటో తరగతి వారికి కథల పుస్తకం చదివి వినిపించవచ్చు. బతుకమ్మ ముందు వారాల్లో తంగేడు, గునుగు పూలు తెప్పించి పదేసి చొప్పున కట్టలు కట్టిస్తే, లెక్కింపూ వరుసల పొందికా రెండూ వస్తాయి; అడుగు వరుసలో ఎన్ని పూలు పడతాయి, పైకి పోయేకొద్దీ ఎన్ని తగ్గుతాయి అని వాళ్లే వాదించుకుంటారు. ఓమనగుంతలు కూడా మంచి పని. రెండు వరుసల్లో ఏడేసి గుంతలు నేల మీద గీసి గింజలు ఇస్తే, కూడికలు అడగకుండానే చేస్తారు. ఏ పని ఇచ్చినా ముందు రోజే ఒకసారి అందరితో చేయించి ఉండాలి. అదే సమయంలో కొత్త ఆట నేర్పబోతే ఐదుగురినీ వినలేరు.

పానగల్లు_నీడ

కృత్యాలు పాఠంలోనే ఉండాలన్న మాటకు పరిసరాల విజ్ఞానం నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో రోజంతా కదలకుండా కనిపించే నీడను చూపించడానికి పిల్లలను తీసుకుపోతాం. ఊరికే చూపించి తీసుకువస్తే అది అద్భుతంగానే మిగిలిపోతుంది. అందుకని అంతకు ముందు వారమంతా బడి ఆవరణలో ఒక కర్ర పాతి, ఉదయం, మధ్యాహ్నం, బడి వదిలే ముందు దాని నీడ కొసలకు గుర్తు పెట్టించాం. నీడ కదులుతుందని చేతితో కొలిచి తెలుసుకున్న పిల్లలు గుడిలోకి పోయాక ‘ఇక్కడ ఎందుకు కదలడం లేదు’ అని తామే అడిగారు. ఎదుటి స్తంభాల మీద పడి వచ్చే వెలుతురు గురించి అప్పుడు చెబితే విన్నారు. బ్యాగు లేని రోజుకు ముందు వారంలో పని ఉంటేనే ఆ రోజుకు విలువ.

మిర్యాలగూడ_సారు

పానగల్లు పక్కనే ఉన్నవారికి ఇది సాధ్యం. పిల్లలను బస్సు ఎక్కించడానికి డబ్బు లేని బడులు ఏమి చేయాలి? మహబూబ్‌నగర్ దగ్గరి పాత మర్రిమాను పిల్లలమర్రిని చూపించాలని మాకూ కోరిక ఉంది గానీ, కిరాయి దగ్గరే ఆగిపోతున్నాం.

పానగల్లు_నీడ

కర్ర పాతడానికి బస్సు అక్కర లేదు కదా, సార్. మీ ఊరి చెరువుగట్టు మీద మర్రిచెట్టు ఉంటే దాని ఊడలు లెక్కపెట్టించండి, మొదలు చుట్టుకొలత తాడుతో కొలిపించండి. ఆ తర్వాత పిల్లలమర్రి గురించి చెప్పండి. 2018లో చెదలు పట్టిన ఆ మానుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి కాపాడుకున్నారని చెబితే, మీ ఊరి మర్రికి చెదలు ఉన్నాయేమోనని పిల్లలే వెతుకుతారు.

మర్రిగూడ_బిడ్డ

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు వంగిపోయిన ప్రాంతం మాది. నీటి పాఠం వచ్చినప్పుడు మా వైపు బడుల్లో చేయదగిన పని ఒకటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకని చోట్ల కూడా 1.5 మించకూడదనీ ప్రమాణం ఉన్నది. ఆ సంఖ్యను కంఠస్థం చేయించడం కంటే, ఇంట్లో పెద్దవారు చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగారో, ఎవరి కీళ్లు ఎప్పటి నుంచి వంగాయో పిల్లల చేత అడిగించి రాయించాలి. మా నాయనమ్మను అడగడానికి వచ్చిన నాలుగో తరగతి బిడ్డతో ఆమె చాలాసేపు మాట్లాడింది. ఆ బిడ్డ రాసింది అరపేజీ, సొంత వాక్యాలతో. తొలిమెట్టు కోరే సొంతంగా రాయడం అందులోనే వచ్చింది.

సీఆర్పీ_అన్న

ఇందరూ అనుభవాలు చెబుతున్నారు గానీ రికార్డు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పరిశీలన రోజూ జరిగినా శనివారమే జరిగినా అది కాగితం మీద ఉండాలి. పై అధికారి అడుగుతారన్న భయంతో ఈ మాట చెప్పడం లేదు. బదిలీల్లో ఉపాధ్యాయులు మారినప్పుడు కొత్తగా వచ్చినవారు ఒక్కొక్క బిడ్డ దగ్గరా మళ్లీ అక్షరాల నుంచి మొదలుపెట్టడం నేను ఎన్నో బడుల్లో చూశాను. బిడ్డ ఏడాది కాలం అందులోనే పోతుంది.

తండాబడి_టీచర్

సీఆర్పీ_అన్న గారితో ఏకీభవిస్తాను, ఒక్క షరతు మీద. ఒకే విషయాన్ని మూడు చోట్ల రాయించకూడదు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని చెప్పింది. రోజుకు నాలుగు గంటలన్నమాట. రాతపని ఆ నాలుగు గంటల్లోకి చొరబడకుండా చూసే బాధ్యత అడిగేవారి మీద కూడా ఉన్నది.

అందరూ చెప్పినదాన్ని మా బడికి సరిపడేట్టు ఇలా అనుకుంటున్నాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా దగ్గర ఉన్నాయి. ప్రతిరోజూ మధ్యాహ్న భోజనం తర్వాత మొదటి అరగంట, హాజరు వరుసలో ఐదుగురిని వింటాను. చుక్క పెట్టిన పేర్లు ముందు. ఒక్కొక్క బిడ్డకు నోట్‌బుక్‌లో ఒక పేజీ. తేదీ, ఎక్కడ ఆగింది, ఏమి చెప్పాను అన్న మూడు గడులు. గణితానికి సోమవారం గింజలు, గురువారం అంకెలు. బుధవారం మధ్యాహ్నం తూనికలు, డబ్బు లెక్కలు. శుక్రవారం పిల్లలు చెప్పిన వాక్యాలతో గోడపత్రిక. శనివారం ఖాళీగా దొరికితే, ఆ వారం ఎక్కువ సార్లు ఆగిన పిల్లలతో మాత్రమే కూర్చుంటాను. మిగిలినవారికి మా తోటి టీచర్ కథల పుస్తకాలు ఇస్తారు.

బడిబాట_నారాయణపేట

ఒక్క ప్రశ్న. మీ దగ్గరి ఊరిలో అంగడి ఏ రోజు జరుగుతుంది?

తండాబడి_టీచర్

బుధవారమే.

బడిబాట_నారాయణపేట

అయితే తూనికల పని గురువారానికి మార్చండి. అంగడి రోజున మధ్యాహ్నానికి సగం మంది తల్లుల వెంట పోతారు, తూకం బాగా తెలిసిన పిల్లలే ఆ రోజు తరగతిలో ఉండరు. గురువారం అయితే అంగడిలో కొన్నవాటి ధరలు వాళ్ల నోట్లోనే ఉంటాయి.

తండాబడి_టీచర్

మార్చేశాను. బుధవారం మధ్యాహ్నం నీడ కొలతలు పెడతాను, దానికి ఉన్న పిల్లలు చాలు. గణితంలో అంకెల పని శుక్రవారం ఉదయానికి పోతుంది. కోయిల్‌సాగర్_పంతులు గారూ, మీరు అట్టముక్కల మీద రాసిన వాక్యాలు స్థాయిల వారీగా ఇక్కడ పెట్టగలరా?

కోయిల్‌సాగర్_పంతులు

ఆదివారం కూర్చుని రాసి పెడతాను. గుణింతాలతో ఒక కట్ట, ద్విత్వాలతో ఒక కట్ట, సంయుక్తాలతో ఒక కట్ట ఉన్నాయి. మీ తండా పిల్లలకు తెలిసిన పేర్లు, పనులు నాలుగు చెబితే వాక్యాల్లో వాటినే పెడతాను.